గంటల గది

మా మామగారు ఆ వానాకాలంలో రోజుకు యాభైసార్ల దాకా చచ్చిపోయేవారు. చచ్చి, టీ తాగి, మళ్ళీ చావడానికి కూర్చునేవారు. "ఇంట్లో ఆ మాటేమిటే, కాస్త మంచిమాట వాడు" అని అత్తయ్య నన్ను కసిరారు. అప్పట్నుంచి "పడ్డారు" అనడం మొదలుపెట్టాం. మా ఆయన పని నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండానే "ఇవాళ ఎన్నిసార్లు పడ్డారు?" అని అడిగేవారు. వీధిలో వినేవాళ్ళు ఏమనుకునేవారో గానీ, ఆ ఏడాది మా ఇంట్లో అంత సంతోషంగా అడిగిన ప్రశ్న ఇంకోటి లేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఆరు నెలలు. మామగారు టవర్ క్రేన్ నడిపేవారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఆయన ఎత్తే బరువు మీద నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదని పేరు. కింద నిలబడి ఆయనకు చేతిసైగలిచ్చే మనిషి నడుముకు ఎప్పుడూ ఒక ఎర్రగుడ్డ వేలాడుతూ ఉండేది, అందుకని అందరూ ఆయన్ని జెండా అనేవారు. ఇద్దరిదీ పద్దెనిమిదేళ్ళ జోడీ. ఒకరు ఆకాశంలో, ఒకరు నేలమీద. మధ్యలో మాటల్లేవు, చేతులే.

వానలు మొదలవడానికి ముందు ఒక రోజు, నాలుగో అంతస్తు ఎత్తున ఉన్న ఇనుప ఊచల కట్ట, దాన్ని మోసే బెల్టు తెగి కిందపడింది. జెండా పక్కకు దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. బెల్టు లోపలి పోగులు కుళ్ళిపోయాయనీ, అది పైకి కనపడదనీ, క్రేన్ నడిపినవాడి తప్పు ఇసుమంతైనా లేదనీ విచారణలో తేల్చారు. మామగారు మర్నాడు మళ్ళీ నిచ్చెనెక్కారు. ఖాళీ కొక్కెం ఎత్తితే అది గంటలా ఊగింది. చెయ్యి వణికితే కొక్కెం చెబుతుంది, దాచడం కుదరదు. ఆయన దిగొచ్చి, బూట్లు విప్పి, మంచం కిందకు తోసేశారు.

పెద్ద ఇంజనీరు మంచివాడే. "వానలకు పైపని ఎలాగూ ఆగుతుంది. వానలు వెలిశాక చెప్పు, క్రేన్ కేబినా, స్టోరా" అన్నాడు. స్టోరంటే సామాన్ల గదిలో కుర్చీ. ఆ మాట చెప్పిన రోజు అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు.

"స్టోరులో కూర్చున్నారంటే ఈయన ఆరు నెలల్లో ముసలాడైపోతారే. నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు పిట్టలా బతికిన మనిషి."

ఆ పిట్ట మాత్రం ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో, ఉలుకూ పలుకూ లేకుండా, ఒకే పేపర్ని మధ్యాహ్నం దాకా చదువుతూ ఉండేది. జెండాని చూడ్డానికి ఆస్పత్రికి కూడా వెళ్ళలేదు. అత్తయ్య రెండుసార్లు వెళ్ళొచ్చారు, ఆయనతో చెప్పకుండా.

నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాను. వానలకు దుకాణంలోకి నీళ్ళొచ్చి యంత్రాలన్నీ బల్లలెక్కాయి, మాకు ఒంటిపూట పని మిగిలింది. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య ఇల్లు మారుతూ అటక మీది సామాను పంచిపెట్టాడు. నా వాటాకు అట్టపెట్టెలో మా చిన్నప్పటి గేమ్ పెట్టె, రెండు రిమోట్లు, ఒక్కటంటే ఒక్క క్యాసెట్టు వచ్చాయి. "ఆరో అంతస్తులో నీ కోసం ఎదురుచూస్తున్నాడు" అని అట్టమీద రాశాడు వెధవ.

ఆ ఆటతో నాకు పాతపగ. పొడుగు కోటు వేసుకున్న ఒక పొట్టివాడు లాంతరు పట్టుకుని, గాల్లో వేలాడే పలకల మీద గెంతుకుంటూ గడియారపు బురుజు ఎక్కాలి. ఎనిమిది అంతస్తులు. అంతస్తుకొక దీపం వెలిగించాలి. మూడు ప్రాణాలు. మూడూ పోతే మళ్ళీ నేలమీద నుంచే. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే సదుపాయం, బతిమాలుకునే దిక్కు ఏమీ లేవు. ఆరోది గంటల గది. అన్నయ్యా నేనూ రెండు వేసవి సెలవులు తగలేసి అక్కడే ఆగిపోయాం.

క్యాసెట్టు ఉఫ్ ఉఫ్‌మని ఊది పెట్టెలో దోపి టీవీ ముందు కూర్చున్నాను. బయట వాన కుండపోతగా పడుతోంది. మూడో అంతస్తులో పడ్డాను. మళ్ళీ పడ్డాను. మూడోసారి పడేసరికి వెనక పేపరు మడిచిన చప్పుడైంది.

"ఎందుకు పడ్డాడు వాడు?"

ఆరు నెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

"ముందే గెంతించేశాను మామయ్యా. ఇంకో అడుగు వేసి గెంతాలి."

"అంటే తప్పు నీదే."

"నాదే."

"పలక విరగలేదు? తాడు తెగలేదు?"

"లేదు మామయ్యా. ఇందులో ఎప్పుడూ తప్పు మనదే."

పేపరు పక్కన పెట్టేశారు. తర్వాత కుర్చీ ముందుకు జరిగింది. "ఏదీ, ఇటివ్వు" అన్నారు.

క్రేన్ మనిషి చేతికి ఆ రిమోట్టు ఇవ్వడం ఎంత తమాషాగా ఉంటుందో చెప్పలేను. బరువును ఆపాలంటే లివరు ఒక్కసారిగా వదలకూడదు. మెల్లగా, బుజ్జగించినట్టు వదలాలి, లేకపోతే ఊగుతుంది. మామగారు ఆ బొత్తాన్ని కూడా బుజ్జగిస్తూ వదిలేవారు. మన పొట్టివాడు అదే బుజ్జగింపులో నాలుగడుగులు ఎక్కువ నడిచి, చివరదాకా మర్యాదగా వెళ్ళి పడిపోయేవాడు. మొదటి అంతస్తులోనే పదిహేడుసార్లు. ఆయన ముఖంలో కోపం లేదు. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని, "వీడికి బరువు లేదు. బరువు లేనివాణ్ణి ఆపడం వేరు విద్య" అన్నారు.

రెండో రోజుకు ఆ విద్య వచ్చింది. ఇంకో చిక్కు పట్టుకుంది. రెండో అంతస్తులో చీపుర్లు పట్టుకున్న ముసలివాళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటారు. తగిలితే ప్రాణం పోతుంది, వాళ్ళ తలల మీదుగా గెంతాలి. మామగారు గెంతలేదు. నిలబడ్డారు. గడువు అయిపోయి ప్రాణం పోయింది. మళ్ళీ వచ్చి మళ్ళీ నిలబడ్డారు.

"గెంతండి మామయ్యా!"

"కింద మనిషున్నాడు."

"వాడు మనిషి కాదు, బొమ్మ."

"బొమ్మైతే మాత్రం? మనిషి తలమీదుగా బరువు తిప్పకూడదు."

"మీరేగా బరువు లేదన్నారు?"

"నువ్వు లాయరువి కావాల్సింది" అన్నారు గానీ గెంతలేదు. చీపురువాడు గోడదాకా వెళ్ళి తిరిగేలోపు, వాడి వెనగ్గా ఖాళీ నేలమీద నుంచి దాటే దారి ఒకటి వెతికారు. దానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. చిన్నప్పట్నుంచీ ఆడుతున్న నాకు ఆ దారి ఉందనే తెలియదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషే, కాకపోతే ఈయన కుందేలుకు నిజంగానే మూడు కాళ్ళుండేవి.

తర్వాత ఆయనకు అలవాటు చొప్పున సైగ కావాల్సొచ్చింది. కళ్ళు ఒక్క పొట్టివాడి మీదే ఉంటే పైనుంచి దిగే పలక కనపడదు. "నువ్వెళ్ళి టీవీ పక్కన నిలబడు" అని నాకు చేతులు నేర్పారు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తు. అరచెయ్యి కిందకు ఊపితే దించు. పిడికిలి బిగించి చెయ్యెత్తితే ఆపు. అద్దాలు పట్టుకునే నా వేళ్ళను చూసి, "ఇవి సైగలు కావు, ఈగలు తోలుతున్నట్టుంది" అన్నారు. వంటింట్లోంచి అత్తయ్య, సోఫాలోంచి మా ఆయన కూడా చేతులూపడం మొదలుపెట్టేసరికి రిమోట్టు కింద పెట్టేశారు.

"సైగ ఒక్కరే ఇవ్వాలి. నలుగురిస్తే నలుగురూ పోతారు."

"మేమేం కావాలి మరి? నోరు మూసుకుని కూర్చోవాలా?" అన్నారు అత్తయ్య.

"ఒక్క 'ఆపు' మాత్రం ఎవరైనా ఇవ్వచ్చు. దారినపోయే దానయ్య ఇచ్చినా సరే, ఎందుకని అడక్కుండా ఆగి తీరాలి. అది రూలు."

అత్తయ్య ఆ రూలు జాగ్రత్తగా దాచుకున్నారు. మర్నాడు భోజనం వేళ, గరిటె పట్టుకున్న పిడికిలి గుమ్మంలోంచి లేచింది. మామగారి వేళ్ళు వాటంతటవే ఆగిపోయాయి, పొట్టివాడు గాలిలోంచి నేరుగా పాతాళానికి వెళ్ళిపోయాడు. "రూలు పనిచేస్తోంది. చెయ్యి కడుక్కుని రండి" అన్నారు అత్తయ్య. మామగారు నవ్వారు. చిన్న నవ్వే. కానీ మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఓ రోజు తండ్రి పడడం చూసి చూసి జాలేసి, "నాన్నా, ఇంతకన్నా సులువైనవి బోలెడున్నాయి. పడితే పడ్డచోటే లేపి నిలబెడతాయి. ఫోన్లో పెట్టిస్తాను" అన్నారు.

"అవి నాకొద్దు."

"పంతమా? కింద పడ్డా నాదే పైచెయ్యి అంటారా?"

మామగారు తెరమీంచి కళ్ళు తిప్పలేదు. రెండు పలకలు దాటారు, మూడోదాని మీద ఆగారు. తర్వాత పొట్టివాడితో చెబుతున్నట్టుగా అన్నారు.

"ఇది మోసం చెయ్యదురా. నిన్న పలక ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటుంది. పడ్డానంటే తప్పు నాది. నాదైతే రేపు దిద్దుకుంటాను. అక్కడ, అందరూ వచ్చి నీ తప్పేం లేదన్నారు. నాది కానిదాన్ని నేనెక్కడ దిద్దుకోను?"

మా ఆయన లేచి వెళ్ళి తండ్రి పక్కన నేలమీద కూర్చున్నారు. పొట్టివాడు గెంతాడు, దాటాడు. ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా టీవీ పక్కన చెయ్యెత్తి నిలబడ్డాను కాబట్టి తుడుచుకోవడానికి కుదరలేదు.

ఆరో అంతస్తుకు చేరింది అందరం కలిసే. కానీ గంటల గది మమ్మల్ని మూడు వారాలు అక్కడే పెట్టింది. పెద్ద గంటలు అటూ ఇటూ ఊగుతుంటాయి. ఊగే గంట మీదకు గెంతి, అది ఆ చివరకు చేరగానే కిందనున్న పలక మీదకు దిగాలి. ఊగేదాన్ని చూస్తే చాలు, మామగారి వేళ్ళు బిగుసుకుపోయేవి. పైగా ఆ పలక కింద ఒక చీపురువాడు. ఈసారి వాడు గోడదాకా వెళ్ళడు, వెనగ్గా ఖాళీ రాదు. వాడి తలమీదుగా తప్ప దారి లేదు. నా సైగలు అక్కడ చాల్లేదు. నేనే దాటని చోటు, నేనేం దాటిస్తాను?

అక్కడికి వెళ్ళడం, రిమోట్టు ఒళ్ళో పెట్టుకుని చూడ్డం, పడ్డం. రోజుకు యాభై. తర్వాత ముప్ఫై. ఒక రోజు మూడుసార్లు పడి, మళ్ళీ పేపరు తీశారు. పెద్ద ఇంజనీరు ఆ పొద్దునే ఫోన్ చేసి, వచ్చేవారం చెప్పాలన్నాడు. ఆ పేపరు చప్పుడు వినగానే అత్తయ్య కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశారు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు దగ్గర గొడుగు దులుపుతున్న చప్పుడు. "వదినా, ఉన్నావా?" అని గొంతు. మామగారి వీపు నిటారుగా అయింది.

జెండా లోపలికొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నడుముకు ఎర్రగుడ్డ అలాగే ఉంది. కుడి మణికట్టుకు కట్టు తీసేశారు గానీ ఆ చెయ్యి తెల్లగా, బక్కగా, వేరే మనిషిదిలా ఉంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ టీవీనే చూశారు. ఏం చెయ్యాలో తోచక నేను పాత అలవాటుగా చూపుడువేలు తిప్పాను.

"అమ్మాయ్, ఆ సైగకి లోడు పక్కవీధిలో దిగుతుంది" అన్నాడు జెండా. "జరుగు."

నేను జరిగాను. ఆయన నా చోట నిలబడి, మొహం టీవీకి దగ్గరగా పెట్టి, గంటలు ఊగడం చాలాసేపు చూశాడు. పెదవులతో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మామగారి వైపు తిరిగి, ఎడమచెయ్యి ఎత్తాడు.

"ఎడంచెయ్యేమిటి?" అన్నారు మామగారు.

"కుడిది ఇంకా బద్ధకంగా ఉంది అన్నా. సైగ చెయ్యడానికి ఇది చాలు."

"నొప్పా?"

"వానకి లాగుతుంది."

మామగారు తలదించుకున్నారు. బొటనవేళ్ళతో బొత్తాల్ని ఊరికే రాస్తున్నారు. "కింద మనిషున్నాడు" అన్నారు చివరికి, చాలా మెల్లగా.

"వాణ్ణి నేను చూసుకుంటా" అన్నాడు జెండా. "నువ్వు కింద చూడకు. నా చెయ్యి చూడు."

చూపుడువేలు తిరిగింది. పొట్టివాడు గంటమీదకు గెంతాడు. గంట ఈ చివర నుంచి ఆ చివరకు ఊగింది. జెండా వేలు ఆగింది, అరచెయ్యి కిందకు జారింది. మామగారు టీవీ చూడనేలేదు. చీపురువాడి తలమీదుగా పొట్టివాడు పలకమీద దిగాడు, దీపం వెలిగింది, పనికిమాలిన చిన్న పాట ఒకటి మోగింది. చిన్నప్పట్నుంచీ నేను వినాలనుకున్న పాట అది. ఎగిరి గెంతాను. అత్తయ్య మాత్రం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఐదు టీ గ్లాసులున్నాయి. ఉన్నది మేం నలుగురమే.

ఆ వారమంతా జెండా రోజూ వచ్చాడు. ఏడో అంతస్తు రెండు రోజుల్లో అయిపోయింది. బెల్టు గురించి గానీ, ఆ రోజు గురించి గానీ వాళ్ళిద్దరూ ఒక్కమాట మాట్లాడుకోగా నేను వినలేదు. ఎంతసేపూ "తొందరపడ్డావు", "నువ్వాలస్యంగా దించావు", ఇవే. గదిలో వాళ్ళిద్దరే ఉన్నట్టు తిట్టుకునేవారు. పక్కన కూర్చుని అద్దాలు తుడుచుకుంటూ వింటుంటే నాకు హాయిగా ఉండేది.

శనివారం మధ్యాహ్నం ఎనిమిదో అంతస్తుకు చేరారు. మేమంతా ఊపిరి బిగబట్టాం. మా ఆయన సెలవు పెట్టుకుని మరీ కూర్చున్నారు. చిట్టచివరి దీపం కనపడుతోంది, దానికీ పొట్టివాడికీ మధ్య నాలుగు మెట్లు.

కరెంటు పోయింది.

తెర నల్లగా అయింది. ఫ్యాను మెల్లగా ఆగింది. దాచుకునే సదుపాయం లేని ఆట, మూడు గంటల కష్టం, అంతా పోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మామగారు రిమోట్టు వంక చూశారు, జెండా వంక చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కళ్ళజోడు తీసేసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆయనకు అంత నవ్వు ఉందని నాకు తెలియదు.

"ఇందులో నీ తప్పు లేదు అన్నా" అన్నాడు జెండా, ఉండబట్టలేక.

"లేదురా, నిజంగానే లేదు" అన్నారు మామగారు. "ఏం చేస్తాం? మళ్ళీ కింద్నుంచి ఎక్కుదాం."

ఆ మాటని ఆయన మామూలుగానే అన్నారు. కరెంటు వచ్చేలోగా టీ తాగుదామన్నట్టుగా. కానీ సాయంత్రం వాన వెలిశాక చూస్తే మంచం కింద బూట్లు లేవు. పెరటి గట్టుమీద కూర్చుని వాటికి పట్టిన బూజు తుడుస్తున్నారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "స్టోరుకు ఇంకెవర్నైనా చూసుకోండి సార్" అంటున్నారు.

సోమవారం నేనూ అత్తయ్యా వెళ్ళాం, భోజనం క్యారియర్ ఒక సాకు. ముప్ఫై ఏళ్ళలో అత్తయ్య ఆయన పనిచేసేచోటుకు రావడం అదే మొదలు. "ఎందుకే అడుసు తొక్కడం, కాళ్ళు కడుక్కోవడం" అని దారంతా సణిగారు గానీ, అడుగు మాత్రం నాకన్నా ముందే వేశారు. కంచె బయట తడిమట్టిలో నిలబడి తలెత్తితే, కేబిను అగ్గిపెట్టెంత ఉంది. అందులో ఆయన ఉన్నారని నమ్మాలంతే.

జెండా కంచె లోపల నిలబడి ఎడమచేతి చూపుడువేలు తిప్పాడు. ఇనుప ఊచల కట్ట నేల విడిచింది. ఒకటో అంతస్తు, రెండు, మూడు. నాలుగో అంతస్తు దగ్గర అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఐదు. అప్పుడు నా మోచెయ్యి వదిలేశారు. ఏం చేస్తున్నారో నాకు అర్థమయ్యేలోపే కొంగు నడుముకు దోపుకుని, పిడికిలి బిగించి, చెయ్యి పైకెత్తారు.

పైన యంత్రం చప్పుడు ఆగిపోయింది.

జెండా గిరుక్కున తిరిగాడు. "ఎవరది ఆపింది? ఎవరు?" అని అరుస్తూ కంచె దగ్గరకు పరిగెత్తుకొచ్చి, చూసి, నోరు తెరిచాడు. "వదినా! నువ్వా? పని జరిగేచోట ఇవేం ఆటలు?"

"ఆట కాదు మరిదీ. అంత ఎత్తు నుంచి ఈయనకి నేను కనపడతానో లేదోనని చూశాను."

"కనపడ్డావు కదా! ఇక చెయ్యి దించు, అన్నకి పనుంది."

అత్తయ్య వెంటనే దించలేదు. తలెత్తి చూస్తూ ఉండిపోయారు. నేనూ చూశాను. ఐదో అంతస్తు ఎత్తున, గాలిలో, ఇనుప కట్ట ఎక్కడిదక్కడ ఆగి ఉంది. ఆవిడ చెయ్యి దిగేదాకా అలాగే ఉంది. ఇసుమంతైనా ఊగలేదు.